పాతకాలపు ఇంగ్లీషు రైతు కలిగినవాడో కాదో తేల్చడం ఎలా

చాలా ఏళ్లు రుణాల అప్లికేషన్లు పరిశీలించే ఉద్యోగం చేశాను. ఎదుటి మనిషి చేతిలో ఏముంది, చెప్పేదానిలో నిజమెంత, ఇచ్చింది తిరిగొస్తుందా రాదా అని చూడటమే పని. రిటైరయ్యాక పొద్దుపోక మధ్యయుగాల ఇంగ్లండ్ పల్లెల రికార్డులు చదవడం మొదలుపెట్టాను. ఆ కాలంలో ఒక్కో దొర ఎస్టేటును మేనర్ అనేవాళ్లు. ప్రతి మేనర్‌కూ ఓ చిన్న కోర్టు, ఆ కోర్టులో జరిగింది రాసిపెట్టిన తోలు చుట్టలు ఉండేవి. రాసింది లాటిన్‌లో. చాలావాటికి ఇంగ్లీషు అనువాదాలు అచ్చయ్యాయి, అవి చాలు.

మొదటి ఆరు నెలలూ తప్పుల తడకే. పాత అలవాటు కొద్దీ ప్రతి మనిషి దగ్గరా డబ్బెంత ఉందని వెతికాను. ఆ ప్రశ్నకు ఆ చుట్టల్లో జవాబు దొరకదు. ఎందుకంటే వాళ్లు అడిగిన ప్రశ్న అది కాదు. పంట పోతే ఈ ఇల్లు ఎన్నాళ్లు నిలబడుతుంది? పడిపోతే ఎవరు పట్టుకుంటారు? అసలు ప్రశ్నలు ఇవి. అలా అడగడం నేర్చుకున్నాక చుట్టలు మాట్లాడటం మొదలుపెట్టాయి. 1250 నుంచి 1450 దాకా ఏ ఇంగ్లీషు పల్లె రికార్డు చేతికొచ్చినా ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు డబ్బును పక్కన పెట్టండి

ఓ రైతుకు కోర్టు 3 పెన్నీల జరిమానా వేసింది అని చదివాను. ఇన్‌ఫ్లేషన్ లెక్కగట్టే యంత్రంలో వేసి ఈ రోజుల్లో ఎంతవుతుందో చూశాను. నవ్వొచ్చేంత చిన్న మొత్తం వచ్చింది. ఆ నవ్వు నా అజ్ఞానం. 1300 ప్రాంతంలో కూలివాడి రోజు సంపాదన ఒకటిన్నర నుంచి 2 పెన్నీలు. వడ్రంగికైతే 3 దాకా. అంటే 3 పెన్నీలు కూలివాడికి రెండు రోజుల చెమట.

కాబట్టి మార్చాల్సింది ఈనాటి డబ్బులోకి కాదు, రోజుల్లోకి, గింజల్లోకి. లెక్క ఇదీ. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. వీటిలో చేతిలో పట్టుకోగలిగే నాణెం పెన్నీ ఒక్కటే. షిల్లింగు, పౌను లెక్కల పుస్తకంలోనే ఉండేవి. గుండ్రటి అరపెన్నీ, పావుపెన్నీ నాణేలు బాగా చలామణిలోకి వచ్చింది 1279 తర్వాతే. అంతకుముందు చిల్లర కావాలంటే వెండి పెన్నీనే రెండుగానో నాలుగుగానో కోసేవాళ్లు.

గోధుమలను క్వార్టర్లలో కొలిచేవాళ్లు. ఒక క్వార్టర్‌కు 8 బుషెళ్లు, ఒక బుషెల్ దాదాపు 35 లీటర్ల కొలత. మామూలు ఏడాదిలో క్వార్టర్ గోధుమలు 5, 6 షిల్లింగులు. 6 షిల్లింగులంటే బుషెల్ 9 పెన్నీలు, అంటే రోజుకు ఒకటిన్నర పెన్నీ తెచ్చుకునేవాడికి ఆరు రోజుల కూలి. 1315లో వానలు ఆగకుండా కురిసి పంటలు కుళ్లిపోయాయి, మరుసటి ఏడూ అంతే. క్వార్టర్ 16 షిల్లింగులు దాటింది, కొన్నిచోట్ల ఇంకా పైకి పోయింది. అదే కూలివాడికి అదే బుషెల్ ఇప్పుడు పదహారు రోజుల కూలి. పైగా పొలాలు మునిగితే ఆ కూలి మాత్రం ఎవరిస్తారు? ఈ ఒక్క లెక్క కాగితం మీద వేసుకుంటే, గాదెలో గింజలున్నవాణ్ణి ఊరు ఏ కళ్లతో చూసేదో అర్థమవుతుంది.

భూమి ఎంతో కాదు, ఎంత మిగులుతుందో

ఊరి రైతుల్లో పూర్తి వాటా ఉన్నవాడికి ఒక యార్డ్‌లాండ్ ఉంటుంది. అంటే సుమారు 30 ఎకరాలు, ఊరిని బట్టి అటూ ఇటూ. అది ఒకేచోట ఉండదు. రెండు మూడు పెద్ద పొలాల్లో సన్నటి పట్టీలుగా చెదిరి ఉంటుంది. ఆయన పట్టీ పక్కన నా పట్టీ, నా పక్కన ఇంకొకడిది. సగం వాటా రైతుకు 15 ఎకరాలు. ఆ కింద నాలుగైదు ఎకరాలో, ఓ గుడిసె, కూరపాదు మాత్రమేనో ఉన్నవాళ్లు. వాళ్లకు కాళ్లూ చేతులే ఆస్తి.

15 ఎకరాలంటే బాగానే ఉంది కదా అనిపిస్తుంది. రుణం ఇచ్చేవాడిలా కూర్చుని లెక్కేయండి. మూడు పొలాల ఊళ్లో ఏటా మూడో వంతు బీడు పెట్టాలి, మిగిలింది 10 ఎకరాలు. ఎకరాకు 9 బుషెళ్లు పండిందనుకుందాం, అప్పటి నేలకు అది మంచి పంటే. మొత్తం 90. చర్చికి పదో వంతు 9 పోతాయి. వచ్చే ఏడాది విత్తనాలకు ఎకరాకు రెండున్నర చొప్పున 25 పక్కన పెట్టాలి. మిగిలినవి 56 బుషెళ్లు, అంటే 7 క్వార్టర్లు. తలకు ఏడాదికి ఒక క్వార్టర్ లెక్కన ఐదుగురు తింటే 5 పోయాయి. అమ్ముకోవడానికి 2. అందులో బార్లీ, ఓట్లు కలిసి ఉంటాయి గనక గోధుమ ధర రాదు, 8 షిల్లింగులొస్తే గొప్ప. దానిలోంచే శిస్తు, జరిమానాలు, దొర మిల్లులో పిండి ఆడించినందుకు పట్టుకునే గింజలు.

చేతికి మిగిలింది సున్నా. అయినా ఊరి కళ్లకు ఇతను లేనివాడు కాదు. ఎవరి పొలంలోనూ కూలికి పోనక్కర్లేకుండా ఇంట్లో పొగ లేస్తోంది. మామూలు ఏడాదిలో అప్పు లేకుండా కోతల దాకా వచ్చేస్తాడు. వాళ్ల భాషలో అది నిలదొక్కుకోవడం. నేనైతే ఈ ఫైలు మీద ‘మార్జిన్ లేదు’ అని రాసి పక్కన పెట్టేవాణ్ణి. ఇద్దరమూ కరెక్టే.

ఇంకో మాట. ఆ 25 బుషెళ్ల విత్తనాల మీద కన్ను ఉంచండి. జూన్, జులై నెలల్లో పాత గింజలు అయిపోయి కొత్తవి రాని రోజుల్లో, విత్తనాల బస్తా ముట్టకుండా ఉండగలిగినవాడు ఒకడు, ముట్టినవాడు ఇంకొకడు. ఊళ్లో ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య గీత అక్కడుంది.

కొట్టం చూడండి

ఓ ఎద్దు ఖరీదు అటూ ఇటుగా పన్నెండున్నర షిల్లింగులు. 150 పెన్నీలు, అంటే వంద రోజుల కూలి. బరువైన నాగలికి ఎనిమిది ఎద్దులు కట్టాలని లెక్క. ఎనిమిది ఎద్దులున్న రైతు ఊళ్లో ఉండడు. నీవి రెండు, నావి రెండు, వాడివి రెండు అని కలుపుకొని దున్నేవాళ్లు. అందుకే ఒక ఎద్దు ఉన్నవాడికి ఒక ఎద్దే కాదు, నాగలి జట్టులో చోటు కూడా ఉన్నట్టు. ఆ ఎద్దు చస్తే ఆ చోటూ పోతుంది. 1319లో మొదలై పశువులకు పెద్ద తెగులు తగిలినప్పుడు ఎద్దులు పోయిన ఇళ్ల గురించి చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

గుర్రం, బండి కనిపిస్తే మాత్రం అది వేరే స్థాయి. బండి ఉన్నవాడు ధర ఎక్కడ బాగుంటే అక్కడి సంతకు గింజలు తోలుకుపోతాడు. లేనివాడు ఇంటి ముందుకొచ్చినవాడు చెప్పిన ధరకు ఇచ్చుకుంటాడు.

ఒక మనిషి కొట్టంలో ఏముండేదో తెలుసుకోవడానికి సులువైన దారి అతని చావు. వినడానికి బాగోదు గానీ నిజం. కట్టుబడి రైతు, అంటే దొరకు కట్టుబడి స్వేచ్ఛ లేని రైతు, చనిపోతే అతని మందలో మేలైన పశువు దొరకు పోతుంది. దీన్ని హెరియట్ అనేవాళ్లు. చాలాచోట్ల రెండో మేలైనది చర్చికి. కోర్టు చుట్టలో ‘హెరియట్: ఒక ఎద్దు’ అని ఉంటే ఒక రకం ఇల్లు. ‘ఒక గొర్రె’ అని ఉంటే ఇంకో రకం. పశువే లేదు కనుక ఏమీ రాలేదని ఉంటే మూడోది. భర్త పోయిన వారమే ఇంట్లో ఉన్న మంచి ఎద్దును తోలుకుపోతే ఆ విధవ దుక్కి సంగతేమిటని ఆ చుట్ట రాసినవాడికి పట్టదు. మీకు పట్టాలి.

కోర్టు చుట్టలో ఏ మాటల దగ్గర ఆగాలి

పూచీ. ఎవరికి జరిమానా పడినా, ఎవరు భూమి తీసుకున్నా ‘పూచీ ఫలానా’ అని పక్కన ఓ పేరుంటుంది. జరిమానా పడ్డవాళ్ల పేర్ల కంటే ఈ పేర్లు రాసుకోండి. నాలుగైదేళ్ల చుట్టల్లో ఒకే పేరు పదిసార్లు పూచీగా వచ్చిందంటే ఆ ఊళ్లో కలిగినవాడు అతనే. డబ్బున్నందుకు అతన్ని నమ్మారా, నమ్మకం ఉన్నందుకు డబ్బు చేరిందా అంటే, ఎన్నో ఏళ్లు జామీను సంతకాలు చూసిన నేను కూడా తేల్చలేను. జ్యూరీలో కూర్చున్నవాళ్లు, ఊరి పెత్తనం చూసే రీవ్, పంట కాపలా చూసే హేవార్డ్, వీళ్ల పేర్లనూ పూచీ పేర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. అవే ఇళ్లు తిరిగి తిరిగి వస్తాయి. రీవ్ పదవి మాత్రం అందరికీ ఇష్టం కాదు. దొర లెక్కల్లో లోటొస్తే రీవే పెట్టుకోవాలి. ఆ టెన్షన్ ఎందుకని డబ్బు కట్టి తప్పించుకున్నవాళ్లున్నారు. తప్పించుకోవడానికి డబ్బు కట్టగలగడం కూడా ఒక గుర్తే.

తరువాత, ‘బీదవాడు కనుక మాఫీ’. జరిమానా పక్కన ఈ మాట కనిపిస్తుంది. అది జాలి మాటలా ఉన్నా ఊరు ఇచ్చిన సర్టిఫికెట్ లాంటిది. వాడి దగ్గర లాక్కోవడానికి ఏమీ లేదని ఇరుగుపొరుగు ఒప్పుకున్నారన్నమాట.

ఏల్. ఇక్కడ నేను బోర్లా పడ్డాను. ఒకామె పేరు కోర్టు జరిగినప్పుడల్లా వస్తోంది. ఏల్ అనే బీరు కాచినందుకు 2 పెన్నీలు, మళ్లీ 2 పెన్నీలు, మళ్లీ 3. సారా కేసుల మనిషి అనుకున్నాను. కానే కాదు. రొట్టె, ఏల్ ధరలూ కొలతలూ రాజు చట్టం కింద ఉండేవి. అమ్మకానికి కాచే ఆడవాళ్లందరికీ ఎడాపెడా చిన్న జరిమానా పడేది. పేరుకు జరిమానా, నిజానికి లైసెన్సు ఫీజు. అంటే ఆమెకు ఇంట్లో తిండికి పోను బార్లీ ఉంది, పెద్ద గంగాళం ఉంది, కట్టెలున్నాయి, వారం వారం చిల్లర వస్తోంది. వరసగా జరిమానాలు పడుతున్న ఆ ఇల్లు బాగుపడుతున్న ఇల్లు.

అప్పు కేసులు కూడా చదవండి. నాణెం తక్కువగా ఉన్న ఊళ్లో అందరూ అందరికీ బాకీయే. రెండు బుషెళ్ల బార్లీ, ఓ గొర్రెపిల్ల ధర, దుక్కి దున్నినందుకు రావాల్సింది, సెప్టెంబర్ 29 మైకేల్ పండక్కి ఇస్తానన్న మాట. బాకీ ఉన్నవాడు బీదవాడని తొందరపడి రాసేయకండి. అప్పు పుట్టడమే పరపతి.

కనబడకుండా దాచుకున్నది

చట్టం ప్రకారం కట్టుబడి రైతుకు సొంతమంటూ ఏదీ లేదు. అతన్ని విలెన్ అనేవాళ్లు. ఊరి మనిషి అని అర్థం. పెద్దింటివాళ్ల నోళ్లలో నలిగి నలిగి అదే మాట మన సినిమా విలన్ అయింది. కూతురి పెళ్లికి దొరకు పన్ను, ఊరు విడిచి బయట బతుకుతుంటే ఏటేటా పన్ను, తండ్రి భూమి కొడుకు పేరున ఎక్కాలంటే ప్రవేశ రుసుము. 13వ శతాబ్దంలో బర్టన్ మఠాధిపతి తన కౌలుదార్లతో గొడవ పడినప్పుడు, వాళ్ల కడుపులు తప్ప ఇంకేదీ వాళ్లది కాదని అన్నాడు.

ఆ మాట ఒకవైపు పెట్టి, యార్క్‌షైర్‌లో పాడుబడిన వారమ్ పెర్సీ అనే ఊరిని తవ్వినవాళ్లకు ఏం దొరికిందో చూడండి. రైతుల ఇళ్లలో ఇనప తాళాలు, తాళంచెవులు! ఏమీ లేనివాడు తాళం దేనికి కొంటాడు?

అందుకే పన్ను జాబితాలు చదివేటప్పుడు కాస్త అనుమానం ఉండాలి. రాజు పన్ను వేసినప్పుడు గింజలకూ పశువులకూ ధర కట్టి అందులో ఒక వంతు తీసుకునేవాళ్లు. 1332లో పల్లెల్లో పదిహేనో వంతు, 10 షిల్లింగుల కంటే తక్కువ విలువైన సరుకున్నవాడికి పన్ను లేదు. ధర కట్టింది ఎవరు? ఆ ఊరివాళ్లే. తమ ఎద్దులకూ తమ బావమరుదుల ఎద్దులకూ ఏ ధర కట్టి ఉంటారో నన్నడక్కండి. ఆ జాబితాలో పేరు లేనివాడు బీదవాడు కావచ్చు, మాటకారి కావచ్చు. అంకెల్ని నమ్మకండి, వరసను నమ్మండి. ఊళ్లో ఎక్కువ కట్టినవాడు, తక్కువ కట్టినవాడు ఎవరన్నది ఆ జాబితా చాలావరకు సరిగ్గానే చెబుతుంది.

దాచుకోవడం ఒక ఎత్తు. తోటివాళ్ల ముందు గింజల్ని బిగబట్టడం ఇంకో ఎత్తు. సంతకు రాకముందే దారిలో సరుకు కొనేసి ధర పెంచినవాళ్లను కోర్టులు శిక్షించాయి. పరిగె ఏరుకోవడానికి కూడా ఊళ్లు కట్టుబాటు పెట్టుకున్నాయి. ముసలివాళ్లు, పిల్లలు, చేతకానివాళ్లు ఏరుకోవచ్చు. తిండితోపాటు రోజుకు ఒక పెన్నీ కూలి దొరికే ఒంట్లో శక్తి ఉన్నవాడు పరిగెకు పోకూడదు. ఇందులో జాలి ఎంతుందో కోతలకు కూలీలు దొరకాలన్న పెద్ద రైతుల స్వార్థం అంత ఉంది. జ్యూరీలో కూర్చున్నది వాళ్లే కదా. కొన్ని మేనర్లలో గడ్డి కోసినవాడు సాయంత్రం తన కొడవలి కర్ర మీద ఎత్తగలిగినంత గడ్డి ఇంటికి తీసుకుపోవచ్చు. ఆశకు పోయి కర్ర విరిగితే గడ్డి దక్కదు. ‘చాలు’ అన్న మాటను ఇంతకంటే సూటిగా కొలిచిన ఏర్పాటు నేను చూడలేదు.

ఎంతుంటే చాలు అనుకున్నారు?

దీనికి ఒక్క కాగితమే చదివే తీరిక ఉంటే, ముసలి తల్లిదండ్రుల ఒప్పందాలు చదవండి. ఒంట్లో ఓపిక తగ్గిన రైతు భూమిని కొడుక్కో, కూతురికో, ఒక్కోసారి ఏ చుట్టరికమూ లేనివాడికో అప్పగించి, బదులుగా తనకేం కావాలో కోర్టులో రాయించుకుంటాడు. ఏటా ఇన్ని క్వార్టర్ల గోధుమలు, ఇంత బార్లీ, ఇన్ని బఠాణీలు. ఇంటి చివర ఓ గది. పొయ్యి దగ్గర చోటు. తోటలో కొంత భాగం. ఏడాదికో రెండేళ్లకో బట్టలు. ఇవ్వకపోతే భూమి వెనక్కి తీసుకునే హక్కు.

బతుకంతా సంపాదించిన మనిషి, చివరికి ఏది లేకపోతే తట్టుకోలేడో దాన్ని మాత్రమే అందులో రాయిస్తాడు. పొయ్యి దగ్గర చోటు అన్న మాట కొడుకు నోటిమాట మీద వదలకుండా కోర్టు చుట్ట కెక్కించాడంటే ఆ ఇంట్లో కోడలికీ మామకూ ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. 15వ శతాబ్దపు వీలునామాలు కూడా చూడండి. ఓ గొర్రెనో కొంత బార్లీనో చర్చికి రాసి, ఫలానా విగ్రహం ముందు దీపం వెలగాలని కోరుకున్నవాళ్లు ఎందరో. అదీ వాళ్ల లెక్కలో పెట్టుబడే, రాబడి పరలోకంలో.

1349 తర్వాతి రికార్డయితే కొలబద్ద మార్చండి

ప్లేగు మహమ్మారి మూడో వంతు నుంచి సగం దాకా జనాన్ని తీసుకుపోయింది. భూములు మిగిలాయి, చేతులు కరువయ్యాయి. కూలి పెంచకూడదని 1349లో ఆజ్ఞ, 1351లో చట్టం. అయినా పెరిగింది. కూలివాడు 3, 4 పెన్నీలు అడిగాడు, ఇచ్చారు. యార్డ్‌లాండ్ ఒక్కటే ఉన్నవాడు రెండోది కలుపుకున్నాడు. 1363లో పార్లమెంటు ఎవరేం కట్టుకోవాలో చట్టం చేసింది. బండి తోలేవాళ్లు, నాగలి దున్నేవాళ్లు, 40 షిల్లింగుల సరుకు లేనివాళ్లు ముతక ఉన్ని తప్ప ఇంకేదీ తొడగకూడదు, అదీ గజం 12 పెన్నీలకు మించకూడదు. ఇలాంటి చట్టం వచ్చిందంటే నాగలి దున్నేవాడు అప్పటికే మంచి బట్ట కట్టి సంతకు వచ్చాడన్నమాట. నాకు ఈ చట్టం ఒక పన్ను జాబితా కంటే ఎక్కువ చెప్పింది.

1381లో తిరగబడిన రైతులు లండన్ శివారులోని మైల్ ఎండ్ దగ్గర రాజును అడిగిందేమిటి? వెట్టి పోవాలి, ఎకరా శిస్తు 4 పెన్నీలు ఉండాలి. బంగారం అడగలేదు. శిస్తు ఎంతో ముందే తెలిసి, అది పెరగకుండా ఉంటే చాలన్నారు. దారిలో వాళ్లు తగలబెట్టినవాటిలో నేను ఇప్పుడు కూర్చుని చదివే కోర్టు చుట్టల్లాంటివి ఎన్నో.

ఇక ఒక ఫైలు తీద్దాం

నార్‌ఫోక్‌లో పాస్టన్ అనే ఊళ్లో క్లెమెంట్ పాస్టన్ అని ఓ రైతు ఉండేవాడు, 1419లో పోయాడు. అతని వంశం తర్వాత పెద్దింటివాళ్లయింది. వాళ్లను దెబ్బకొట్టడానికి ఒక శత్రువు, మీ మూలం ఇదీ అని ఓ కాగితం రాసిపెట్టాడు. అందులో ఏముందంటే: ఎక్కువలో ఎక్కువ 100, 120 ఎకరాలు, అందులో చాలా భాగం కట్టుబడి భూమి. ఏడాది పొడుగునా ఒక నాగలి, బార్లీ విత్తేటప్పుడు ఒక్కోసారి రెండు. నాగలి వెంట ఎండాకాలం చలికాలం అతనే స్వయంగా. జీను లేని గుర్రం మీద గింజల బస్తా వేసుకుని, దానిపైనే కూర్చుని మిల్లుకు పోవడం, పిండి వేసుకుని రావడం. బండి మీద ధాన్యం వింటర్టన్‌కు తోలి అమ్మడం. ఓ చిన్న నీటి మిల్లు. భార్య వెట్టి కుటుంబం మనిషి. కొడుకును బడికి పంపడానికి తరచూ అప్పులు.

తిట్టడానికి రాసిన ఈ కాగితాన్ని పైన చెప్పిన వరసలో చదవండి. భూమి: సగం వాటా రైతుకు ఏడెనిమిది రెట్లు. కొట్టం: ఎవరి జట్టులోనూ చేరనక్కర్లేని సొంత నాగలి, గుర్రం, ధర వెతుక్కుంటూ పోగల బండి. మిల్లు: ఇతరుల గింజల్లోంచి రాబడి. జీను లేదన్నది ఎగతాళి, కానీ ఊళ్లో చాలామందికి గుర్రమే లేదు. అప్పులు: తరచూ చేశాడు, అంటే తరచూ పుట్టాయి. పూచీ: భార్య తమ్ముడో అన్నో జెఫ్రీ సోమర్టన్ అనే వకీలున్నాడు, మేనల్లుడి లా చదువుకు సాయం చేసింది అతనే.

ఫైల్లో తాకట్టు అన్న గడిలో కట్టుబడి భూమి అని రాయాలి. అది దొరది, చెల్లదు. రాబడి అన్న గడిలో సర్దుకోవచ్చు అని రాస్తాను. అప్పు దేనికి అన్నచోట ‘కొడుకు చదువు’. నేను సంతకం పెట్టి పంపేవాణ్ణే. ఆ కొడుకు విలియం 1429లో రాజుగారి కోర్టులో జడ్జీ అయ్యాడు.